ఇవాళ్టికి చాల్లెండి మాస్టారూ

రెండేళ్ళ లైసెన్సు మీద బతికే షాపుకి మొహమాటం ఎక్కణ్ణించి వస్తుందండీ? 2024 అక్టోబరులో ఆంధ్రాలో 3,396 మద్యం షాపులకి లాటరీ తీశారు. దరఖాస్తుకి 2 లక్షలు. చీటీ తగిలినా తగలకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. దరఖాస్తులు 89 వేలు దాటాయి. అంటే ఒక్క సీసా మూత తియ్యకుండానే సర్కారు పెట్టెలో సుమారు 1,800 కోట్లు పడ్డాయన్నమాట. చీటీ తగిలిన అదృష్టవంతుడు ఓ గది అద్దెకి తీసుకుని, దానికి ఇనప గ్రిల్లు బిగించి, పైన కెమెరా పెట్టి, రెండేళ్ళలో ఎంత లాగాలో లెక్క కట్టుకుని కూర్చుంటాడు. ఆ గ్రిల్లుకి చెయ్యి పట్టేంత కంత. అందులోంచి డబ్బు లోపలికి, సీసా బయటికి. మీరెవరో వాడికెందుకు? వాడికి కనపడేది మీ చెయ్యే, మొహం కాదు.

మా రోజుల్లో ఇలా కాదు. ఈ మాట అనగానే వంటింట్లోంచి మా ఆవిడ ఓ దగ్గు దగ్గుతుంది. దగ్గనివ్వండి. ఆవిడ వాంగ్మూలం కూడా తర్వాత రాస్తాను, లేకపోతే ఈ పూట నాకు కాఫీ రాదు.

కాకినాడ మెయిన్ రోడ్డు మీద, మసీదు సెంటరుకి కాస్త ఇవతల, బట్టల కొట్ల వరసలో ఒక బ్రాందీ షాపుండేది. బోర్డు మీద ఏదో దేవుడి పేరు రాసుండేదిగానీ ఆ పేరు పలికినవాణ్ణి నేను చూళ్ళేదు. 'మూల షాపు' అంటే చాలు, రిక్షావాడు ఎదురు ప్రశ్న వెయ్యకుండా తీసుకొచ్చి దింపేవాడు. నేను జగన్నాథపురం వంతెన దగ్గర ఓ క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమస్తాని. పొద్దుగూకాక ఆఫీసు కట్టేసి, సైకిలేసుకుని వచ్చి ఆ షాపు లెక్కలు రాసేవాణ్ణి. కాబట్టి నేను చెప్పేది కౌంటరు బయట నిలబడ్డవాడి ముచ్చట ఒక్కటే కాదు, లోపల స్టూలు మీద కూర్చుని ఖాతా పుస్తకం తిరగేసినవాడి మాట కూడా.

ఇప్పటి కుర్రాళ్ళకి తెలీదుగానీ, ఆ షాపు రాకముందు చాలా ఏళ్ళు మా వైపు బ్రాందీ షాపు అన్నదే లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే 1948 నాటికి మొత్తం నిషేధం. ఆంధ్ర రాష్ట్రం వచ్చాకా అదే తంతు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది ఈ నిషేధం గొడవ మీదే, అదీ ఒక్క ఓటు తేడాతో. తెలంగాణ వైపు చూస్తే నిజాం కాలం నించీ కల్లుకీ సారాకీ అడ్డం లేదు. రెండూ కలిసి ఒకే రాష్ట్రం అయ్యాక కూడా అటు తడి, ఇటు పొడి. ఒకే ముఖ్యమంత్రి, ఒకే జెండా, అయినా సరే హైదరాబాద్ వెళ్ళిన గుమస్తాకి ఉన్న స్వేచ్ఛ కాకినాడలో కలెక్టరుకి లేదు. 1969లో మా వైపు కూడా నిషేధం ఎత్తేశారు.

అప్పటిదాకా మాకు యానామే దిక్కు. కాకినాడకి 30 కిలోమీటర్లు. 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ ఏలుబడి, ఆ తర్వాత పుదుచ్చేరిది. ఇటు శారదా చట్టం వచ్చినప్పుడు పసిపిల్లల పెళ్ళిళ్ళకి యానాం వెళ్ళారు, ఫారిన్ సరుక్కి మంగళవారం సంతకని యానాం వెళ్ళారు, మందుకి యానాం వెళ్ళారు. ఇక్కడ ఏది తప్పయినా ముప్పై కిలోమీటర్లు అవతల ఒప్పే. మా గోదావరి జిల్లా వాళ్ళకి చట్టం మీద భయం తక్కువ, భూగోళం మీద పట్టు ఎక్కువ అవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

సరే, షాపులోకి వద్దాం. నిషేధం ఎత్తేసిన కొద్దికాలానికే షావుకారు ఆ షాపు తెరిచాడు. అంతకుముందు గోనెసంచుల బేరం. మనిషి పొట్టి, గొంతు పెద్దది. టేకు బల్ల, దాని వెనక అద్దాల బీరువా. కింది అరలో రమ్ములు, మధ్య అరలో బ్రాందీలు, పై అరలో ఏడాదికోసారి దించే విస్కీలు. ఓల్డ్ మంక్, హెర్క్యులస్, హనీ బీ. అంతే. ఇప్పటి షాపుల్లోలాగా గోడనిండా నూటయాభై రకాలు ఉండేవి కావు. ఎవడికేం కావాలో వాడు గడప ఎక్కకముందే షావుకారు చెయ్యి అరలోకి వెళ్ళేది.

బీరుకి ఫ్రిజ్జు లేదు. వెనక గదిలో ఓ సిమెంటు తొట్టి. రేవు దగ్గర చేపల ఐసు ఫ్యాక్టరీ నించి మధ్యాహ్నం ఓ దిమ్మ వచ్చేది, గోనెపట్టాలో చుట్టి, రంపప్పొట్టు చల్లి. దాన్ని సుత్తితో నాలుగు ముక్కలు చేసి తొట్లో పడేసేవారు. సాయంత్రం ఆరయ్యేసరికి సీసాల మీది లేబుళ్ళన్నీ ఊడిపోయి నీళ్ళ మీద తేలేవి. ఏది గోల్డెన్ ఈగిల్, ఏది కింగ్‌ఫిషర్ అన్నది షావుకారు మూత తడిమి చెప్పేవాడు. చెయ్యి నీళ్ళలో మోచేతి దాకా ముంచి, కళ్ళు మూసుకుని, "ఇదిగో మీది" అని లాగేవాడు. లాగిన సీసాకి ఒక్కోసారి ఓ చేప పొలుసు అతుక్కుని ఉండేది. దాన్ని గోటితో గీకి పారేసి ఇచ్చేవాడు, కొన్నవాడు ఏమీ అనుకునేవాడు కాదు. సముద్రం ఒడ్డు ఊరు.

సీసా ఇచ్చే ముందు షావుకారు ఓ పని చేసేవాడు. తలకిందులు చేసి బల్బు దగ్గర పట్టుకుని నెమ్మదిగా తిప్పేవాడు. అడుగున నలక తేలుతోందా, మూత కింద చెమ్మ ఉందా, ఎక్సైజు వాళ్ళ కాగితం పట్టీ చింపి మళ్ళీ అతికించినట్టుందా. బొటనవేలితో మూతని ఓసారి నొక్కి, కదలకపోతే అప్పుడు పాత పేపర్లో దొర్లించి, పురికోసతో రెండు చుట్లు చుట్టి, కొస పళ్ళతో పుటుక్కున తెంపేవాడు. ఆ పొట్లం చంకలో పెట్టుకుని వెళ్తుంటే ఎదురొచ్చిన పెద్దమనిషి "ఏవిటోయ్, నెయ్యా?" అని అడిగేవాడు. తెలిసే అడిగేవాడు. "ఆయ్, నెయ్యేనండి" అని వీడూ చెప్పేవాడు. ఇప్పుడు నల్ల పాలిథిన్ కవరు. ఆ కవరు చేతిలో ఉంటే ఊరంతటికీ దండోరా వేసినట్టే.

ఆ షాపుకి ఆడవాళ్ళు కూడా వచ్చేవారంటే నమ్మరు. మా వైపు బాలింతకి బ్రాందీ పట్టడం ఆనవాయితీ. జలుబు చేసిన పసివాడికి కూడా తేనెలో రెండు చుక్కలు వేసి నాకించేవారు. ఇప్పటి డాక్టర్లు వింటే కేసు పెడతారు, పెట్టవలసిందే. కానీ అప్పటి ముసలమ్మలకి ఆ సీసా మందుల బీరువాలో వస్తువే తప్ప తాగుడు వస్తువు కాదు. మధ్యాహ్నం మూడింటికి, బజారు పల్చగా ఉన్నప్పుడు, కొంగు నిండుగా కప్పుకుని ఓ పెద్దావిడ వచ్చి పక్క గుమ్మం దగ్గర నిలబడేది. షావుకారు పెద్ద గొంతు తగ్గించి, బల్ల ఇవతలికి తనే వచ్చి, "బాలింత కులాసానా అమ్మా?" అని తొంభై మిల్లీ సీసా పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఇది కనిపెట్టిన ఓ రిక్షా కుర్రాడు అరువు అడగడానికి అదే మంత్రం పట్టుకున్నాడు, బాలింత కోసమండి, బాలింత కోసమండి అని. షావుకారు కొన్నాళ్ళు ఊరుకుని ఓ సాయంత్రం అందరి ముందూ అడిగేశాడు: "ఏరా, మీ ఆవిడకి ఏడాదికి ఎన్ని కాన్పులురా?"

ఇంక ఆ షాపుకి అసలు బలగం రేవువాళ్ళు. అప్పట్లో కాకినాడలో ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు. లోతు నీళ్ళ రేవు తొంభైల్లో వచ్చింది. అంతదాకా ఓడలు హోప్ ఐలాండ్ వెనకాల లంగరేసుకుని నిలబడితే, సరుకు బార్జీల మీద వెళ్ళేది. బియ్యం, తవుడు చెక్క, అన్నీ మనుషుల వీపుల మీద ఎక్కేవి, దిగేవి. అలా ఎండలో ఉప్పుగాలిలో పొద్దంతా బస్తాలు మోసినవాడు శనివారం కూలి డబ్బు జేబులో వేసుకుని తిన్నగా మెయిన్ రోడ్డుకే వచ్చేవాడు. షావుకారు నోట్లు లెక్కపెట్టి, సగం తీసి సొరుగులో విడిగా పెట్టి, మిగతా దానికే సీసా ఇచ్చేవాడు. ఆదివారం పొద్దున్న వాడి పెళ్ళాం వచ్చి ఆ సగం పట్టుకెళ్ళేది. ఖాతా పుస్తకంలో దానికి ఓ పేజీ నేనే గీశాను. పైన ఏమని రాయమంటారంటే "జమ" అని రాయమన్నాడు.

ధర్మాత్ముడని చెప్పడం లేదండి. రేవువాడి సంసారం కూలిపోతే వచ్చే శనివారం ఆ కూలి ఉండదు, కూలి లేకపోతే బేరం ఉండదు. షావుకారుకి తెలిసింది ఆ లెక్కే. అదే షాపు, అదే మూల, ఇవాళ వచ్చినవాడే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా రావాలి, వాడి తర్వాత వాడి అల్లుడు రావాలి. అంత దూరం చూసుకునే వ్యాపారికి మనిషిని ఒక్క రాత్రిలో పిండేసే తొందర ఉండదు. ఇప్పటివాడికి రెండేళ్ళు దాటాక తను ఆ గ్రిల్లు వెనక ఉంటాడో లేడో తెలీదు. వాణ్ణి తిట్టి లాభం లేదు, లాటరీలో వచ్చిన షాపు లాటరీలోనే పోతుంది.

ఓ కాలేజీ లెక్చరరుగారు ఉండేవారు. పొద్దున్న ఇంగ్లీషు పాఠం, సాయంత్రం రమ్ము. ఆరింటికి ఓ క్వార్టరు పట్టుకెళ్ళి, ఎనిమిదింటికి మళ్ళీ వచ్చారోరోజు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నారు. షావుకారు బీరువా వైపు తిరగనే లేదు.

"ఇవాళ్టికి చాల్లెండి మాస్టారూ. రేప్పొద్దున్న ఫస్ట్ పీరియడ్ మీదేనంట, మావాడు చెప్పాడు."

లెక్చరరుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "డబ్బులిస్తున్నానా, ఊరికే అడుగుతున్నానా? నీ షాపు తప్ప ఊళ్ళో ఇంకో షాపు లేదనుకున్నావా? ఈ గడప మళ్ళీ తొక్కితే ఒట్టు!" అని చేతిలో నోటు ఊపి వెళ్ళిపోయారు. మర్నాడు ఆరింటికి వచ్చారు. షావుకారు క్వార్టరు పొట్లం కట్టి ఉంచాడు. ఒట్టు సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఫస్ట్ పీరియడ్ సంగతి మాత్రం షావుకారు అడిగాడు, "ఏం పాఠం చెప్పారండీ?" అని. ఆయన చెప్పారు కూడా.

ఇప్పుడు ఏ షాపుకైనా వెళ్ళి, నిలబడలేని స్థితిలో, నాలుగోసారి కంతలో చెయ్యి పెట్టండి. సీసా వస్తుంది. నోటు కూడా అక్కర్లేదు, ఫోను చూపిస్తే చాలు.

అలాగని ఆ షాపుని గుడి చేసి చెప్పను. గాంధీ జయంతి నాడు ముందు తలుపుకి తాళం, వెనక తలుపుకి దారి. ఎండాకాలం బీరు కొరత వస్తే ధర మీద అర్ధరూపాయి ఎక్కేది. చిల్లర లేదని చేతిలో అగ్గిపెట్టె పెట్టేవాడు, అడిగినా అడక్కపోయినా. ఇంక స్టాకు రిజిస్టరు. అందులో 'పగిలినవి' అని ఓ గడి ఉండేది. తనిఖీకని వచ్చి ఉత్త చేతులతో వెళ్ళని పెద్దమనుషుల ఖర్చంతా ఆ గడిలోకి పోయేది. అందులో రాసిన సీసాలన్నీ నిజంగానే పగిలి ఉంటే మెయిన్ రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడవగలిగినవాడు ఉండడు.

పైగా ఇది బ్రాందీ షాపు కథ. దీనికి ఓ మెట్టు కింద సారా దుకాణం ఉంది. అక్కడ నేను మా రోజుల గురించి గొప్పలు చెప్పబోతే నా నాలికే తిరగదు. బ్రాందీ షాపుకి ఏటేటా ఫీజు కట్టి లైసెన్సు రెన్యువల్ చేయించుకోవడం. సారా దుకాణాలకి ఏటేటా పాట. పాడుకున్నవాడు పెట్టిన డబ్బు ఆ ఏడాదిలోనే తియ్యాలి, కాబట్టి పొలం గట్టుదాకా, చావిట్లోకి, కూలి ఇచ్చే చోటికి సారా నడిచొచ్చింది. ఎన్టీఆర్ మొదటి ప్రభుత్వంలో 'వారుణి వాహిని' అని పేరుపెట్టి ప్యాకెట్లు పంపారు. పథకానికి అంత కమ్మటి పేరు పెట్టినవాళ్ళెవరోగానీ, ఆ ప్యాకెట్టు పళ్ళతో చింపిన వాసన ఓసారి పీల్చి ఉంటే పెట్టేవారు కాదు. చివరికి నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు, కొంగు బిగించి దుకాణం మూయించారు. అక్కణ్ణించి రాష్ట్రమంతా రగిలింది. 1993 అక్టోబరు 1 నించి సారా నిషేధం. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ మళ్ళీ గెలిచి, ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. వారుణి వాహిని పారించిన చెయ్యే.

ఇక్కడ మా ఆవిడ వాంగ్మూలం. "మీ షావుకారు రేవు కూలీ డబ్బులు సగం దాచాడని చెప్పుకుంటారు. సరే. మిగతా సగం ఎవరివి? అవీ ఆవిడవే కదా? మీరు లెక్కలు రాసొస్తానని వెళ్ళి, లెక్కల్తో పాటు ఇంకేవో చూసుకుని తొమ్మిదిన్నరకి వస్తే, ఆరిపోయిన కుంపటి మళ్ళీ ఎవరు రాజేశారు? ఆ షాపు మూతపడితే కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాను. కొట్టాను కూడా." నిజమే, కొట్టింది. ఆ కొబ్బరితో చేసిన పచ్చడి నేనే తిన్నాను. బావుంది.

నిషేధం 1995 జనవరి 16న అమల్లోకి వచ్చింది. సంక్రాంతి వెళ్ళీ వెళ్ళకుండా! గోదావరి జిల్లాలో పండగ మూడు రోజులూ కోడిపందేలు, అల్లుళ్ళు, పేకాటలు. నాలుగో రోజుకి గొంతు తడారిపోవాలన్నారు. పండగలో షాపు ముందు నిలబడ్డ జనాన్ని చూస్తే పుష్కరాలు గుర్తొచ్చాయి. అరువు లేదు, బేరం లేదు, పైన విస్కీ అర కూడా ఖాళీ. ఆ చివరి సాయంత్రం షావుకారు సీసాలు తిప్పి చూడలేదు. టైము లేక కాదు, చూసి వెనక్కి పెట్టడానికి ఇంకో సీసా లేక. మర్నాడు తాళాలకి సీలు పడింది.

ఆ తర్వాత మళ్ళీ యానాం! మా నాన్నగారి తరం తొక్కిన దారే. సాయంత్రం బస్సు కిటకిటలాడేది, రాత్రి బస్సు పాటలు పాడేది. సీసా వెంట తెస్తే చెక్‌పోస్టులో కేసు, కాబట్టి కడుపులో పోసుకు రావడమే. అమలాపురం వైపు వాళ్ళకి మరీ కష్టం, ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గౌతమి దాటాలి, తిరుగు పంటు తప్పితే రాత్రంతా గట్టు మీదే. 2002లో బాలయోగి పేరుతో వారధి వచ్చేసరికి నిషేధమే లేదు. మన ప్రభుత్వాల వరస ఎప్పుడూ అంతే, దాహమేసినప్పుడు వంతెన ఉండదు.

1997 ఏప్రిల్లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది, ఖజానా వట్టిపోతోందని. షావుకారు మళ్ళీ తెరిచాడు. అదే మూల, అదే టేకు బల్ల. మధ్యలో దాని మీద టైలరు ఎవరో గుడ్డలు కత్తిరించినట్టున్నాడు, సుద్దగీతలు ఉండిపోయాయి. రాయల్ స్టాగులూ అవీ కొత్తగా వచ్చాయి, తొట్టి పోయి ఫ్రిజ్జు వచ్చింది, పురికోస పోయి రబ్బరు బ్యాండు వచ్చింది. లెక్చరరుగారు రిటైరయ్యారు, మోకాళ్ళ నెప్పులు, మనవడి చేత చీటీ పంపేవారు. ఆ కుర్రాడికి సీసా ఇవ్వకుండా షావుకారు తనే రాత్రి షాపు కట్టేశాక పట్టుకెళ్ళి ఇచ్చొచ్చేవాడు, చిన్నవాడి చేతికి ఇవ్వకూడదని.

నిషేధానికి చావని షాపుని టెండరు చంపింది. కొన్నేళ్ళకి రెన్యువల్ పద్ధతి పోయి, ఎవడు ఎక్కువ రాస్తే వాడికే అన్నారు. షావుకారు కవరులో ఓ అంకె రాశాడు. ఎవరో ఊరుకానివాడు దానికి ఎన్నో రెట్లు రాశాడు. వాడికి ఈ షాపు ఒక్కటే కాదు, బినామీ పేర్లతో ఇంకా ఉన్నాయట. పెట్టిన డబ్బు తియ్యాలి కదా, అందరూ సిండికేటు కట్టి ఎమ్మార్పీ మీద ఎంత కావాలంటే అంత. ఏసీబీ దాడులు జరిగి పేపర్లనిండా అదే గోల అయ్యాక, 2012లో టెండర్లు తీసేసి లాటరీ పెట్టారు. బుద్ధికి బదులు డబ్బు, డబ్బుకి బదులు అదృష్టం. అనుభవం అన్న గడి మాత్రం ఏ ఫారంలోనూ లేదు.

ఆ తర్వాత ఇంకో ముచ్చట కూడా చూశాం. 2019 అక్టోబరు 1 నించి సర్కారే కౌంటర్లో కూర్చుంది. 3,500 షాపులు. అడిగిన బ్రాండు లేదు, ఉన్న బ్రాండు పేరు ఎప్పుడూ వినలేదు. చాలాకాలం నోటు తప్ప ఇంకేం తీసుకోలేదు. మామిడిపళ్ళ బండివాడు కూడా ఫోను మీద డబ్బు తీసుకుంటుంటే, ప్రభుత్వం వారి షాపులో రొక్కమే. 2020 మే నెలలో, లాక్‌డౌన్లో షాపులు తెరిచీ తెరవగానే ధర ముందు 25 శాతం, మర్నాటికి ఇంకో 50 పెంచారు. విశాఖ జిల్లాలో ఆ క్యూలని అదుపు చెయ్యడానికి బడిపంతుళ్ళకి డ్యూటీలు వేశారు! మా లెక్చరరుగారు బతికుంటే ఏమనేవారో. ఆయన జన్మలో క్యూలో ఉన్నది కౌంటరుకి ఇవతలే, పోలీసుపని చెయ్యలేదు. ఇది నవ్వుకోడానికి బావుందిగానీ, ఆ వేసవి దాటాక ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క, కొనలేక, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. ధర పెంచితే తాగుడు తగ్గుతుందని లెక్క వేసినవాడు ఏనాడూ సాయంత్రం ఆరింటికి కౌంటరు దగ్గర నిలబడి మనుషుల చేతులు చూసినవాడు కాదు. వణికే చెయ్యి ధరల పట్టిక చదవదు.

ఇప్పుడు మళ్ళీ ప్రైవేటు, మళ్ళీ లాటరీ. 99 రూపాయలకి క్వార్టరని బోర్డులు. మొన్న చలికాలం దగ్గు పట్టుకుంటే ఓ చిన్న సీసా బ్రాందీ కోసం మా చెల్లెలి మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. మూల షాపు ఉన్నచోట సెల్‌ఫోన్లకి గాజు పలకలు అతికించే కొట్టు ఉంది, దాన్ని దాటుకుని ఇంకో సందులోకి వెళ్ళాలి. గ్రిల్లు దగ్గర తోపులాట. "తాతా, జరుగు" అన్నాడు వెనకున్నవాడు. మా షాపులో నన్ను గుమస్తాగారూ అనేవారు, చివరికి తాగి పడిపోయినవాడు కూడా నేల మీంచే గుమస్తాగారూ అనేవాడు.

కంతలోంచి సీసా వచ్చింది. "బాబూ, కాస్త తలకిందులు చేసి లైటు దగ్గర చూపించు" అన్నాను.

లోపలి కుర్రాడికి అర్థం కాలేదు. "ఏం చూడాలి?"

"నలక ఉందేమోనని."

"హోలోగ్రాం ఉంది కదా తాతా, స్కాన్ చేస్కో. నెక్స్ట్!"

మావాడు ఫోను పెట్టి స్కాన్ చేశాడు. ఎక్కడ తయారైందో, ఏ డిపో నించి వచ్చిందో, ఎవరికి అమ్మారో ఏదో వచ్చిందన్నాడు. సీసా గురించి అంతా తెలిసింది. పట్టుకెళ్తున్నవాడికి డెబ్భై దాటాయని, దగ్గుతున్నాడని, ఒంటరిగా వస్తే ఇవ్వకూడదని మటుకు ఏ స్కానులోనూ లేదు. పైగా పది రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. ఎందుకయ్యా అంటే కూలింగ్ ఛార్జి. బ్రాందీకి కూలింగేమిటి?

దారిలో మావాడు అడిగాడు: "మీ షావుకారు మాత్రం ఎక్కువ తీసుకునేవాడు కాదా తాతా?"

"తీసుకునేవాడు. చిల్లర లేదని అగ్గిపెట్టె చేతిలో పెట్టేవాడు" అన్నాను. ఇంటికొచ్చి వాడు ఆ మాట మా ఆవిడకి చేరేశాడు. ఆ షాపు వల్ల మన ఇంటికి జరిగిన మేలు అదొక్కటే, అన్నాళ్ళూ మళ్ళీ అగ్గిపెట్టె కొన్న పాపాన పోలేదు అందావిడ.